చుక్క లేని పలకలు

ఆయన రోజూలాగే ఆరింటికి లేచి, దేవుడి పటం ముందు రెండు నిమిషాలు కళ్ళు మూసుకొని నిలబడి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకొని, కూతురి గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. ముందు ఎడమ అద్దం, తరువాత కుడి అద్దం తుడవడం ముప్ఫై ఏళ్ళుగా ఆయన వరస. లోపల కూతురు పిన్నులు పళ్ళ మధ్య పట్టుకొని జడ వేసుకుంటోంది.

"అమ్మా, నీ దగ్గర గోళ్ళ రంగుందా? ఎర్రది."

కూతురు పిన్నులు తీసి చేతిలో పెట్టుకుంది. "ఈ వయసులో సింగారమేంటి నాన్నా? ఎవరైనా పిల్లనిస్తామన్నారా?"

"పిల్ల కాదు, పలకలు. వాటి మీద చుక్కలు వెలిసిపోయాయి. గోదాముకి పంపేలోగా మళ్ళీ పెట్టాలి."

"ఆఫీసులో సిరా పెన్నులు లేవా?"

"సిరాతో పెట్టినవే వెలిసిపోయాయి."

ఆమె సొరుగు వెతికి చిన్న సీసా తీసి ఇచ్చింది. సగం పైగా ఉంది. "మూత గట్టిగా పెట్టు. లేకపోతే సాయంత్రానికి బంకైపోతుంది. గుండె మాత్ర వేసుకున్నావా?"

వేసుకున్నానని తల ఊపాడు. నిజానికి వేసుకోలేదు. ఆ మాత్ర వేసుకుంటే పదింటిదాకా కళ్ళు మసకగా ఉంటాయి. ఆయన పనల్లా కళ్ళతోనే. మధ్యాహ్నం వేసుకుందామని అన్నం డబ్బా సంచిలో పెట్టుకున్నాడు.

కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగిస్తుంది. తండ్రి పని గురించి ఎవరైనా అడిగితే ఒకటే చెబుతుంది: "మా షాపులో అద్దం వంకరగా ఉంటే వాపసిచ్చేస్తారు. మా నాన్న ఆఫీసులో దేవుడు పెట్టిన వంకర అద్దాన్నే కూర్చుని కొలుస్తారు." వినేవాళ్ళు నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. అంతకన్నా బాగా చెప్పడం ఆయనకి చేతకాదు.

ఆఫీసులో ఆయన్ని పలకలాయన అంటారు. బడిపలకలు కావు, ఆకాశాన్ని ఫొటో తీసిన గాజు పలకలు. ఊరికి దూరంగా కొండ మీద టెలిస్కోపు ఉంది. అక్కడ రాత్రి తీసిన పలకలు పొద్దున వ్యానులో ఊళ్ళోని ఆఫీసుకి వచ్చేవి. పగలు ఆయన వాటిని కొలిచేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన ఆ కొండెక్కింది ఒక్కసారి. ఆ రోజు మబ్బు పట్టింది. చూసింది ఏమీ లేదు, టీ తాగి దిగివచ్చాడు. తరువాత పలకలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఉద్యోగమూ ముగిసింది. అయినా పాత పలకల్లో ఏది ఎక్కడుందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి రమ్మన్నారు. వస్తున్నాడు.

మెట్లెక్కుతూ మొదటి అంతస్తులో ఒకసారి ఆగాడు. రెండో అంతస్తుకి చేరేముందు ఇంకోసారి ఆగాడు. నిరుడు ఒక్కసారే ఆగేవాడు. తాళాలు తీసే ముసలాయన పైన నిలబడి చూస్తున్నాడు. అతన్ని తాళాలాయన అంటారు. ఇద్దరూ ఒకే ఏడు ఆ ఆఫీసులో చేరారు.

"ఏంటి పలకలాయనా, మెట్లని కూడా కొలుస్తున్నావా?"

"ఏటేటా ఎత్తు పెరుగుతున్నాయి. లోకం సాగుతోందని మేడం చెబితే నువ్వు నమ్మలేదుగా."

"నా ఇల్లు మాత్రం సాగట్లేదు. అదే గది, అదే మంచం." తాళాలాయన తాళం తీసి తలుపు తోశాడు.

చివరి గది అది. ఉత్తరం వైపు ఒక్కటే కిటికీ. మూడు గోడలకీ ఇనప బీరువాలు, బీరువాల నిండా సన్నటి అరలు, అరల్లో నిలువుగా కవర్లు. ప్రతి కవరులో ఒక పలక. మధ్యలో వెలుగుబల్ల ఉంది. పైన పాలరంగు అద్దం, కింద దీపాలు. దాని మీద పలక పెట్టి భూతద్దంలోంచి చూస్తే ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లటి చుక్కలుగా కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి అది వింత. ఆయనకి మాత్రం ఎప్పుడైనా ఆరుబయట తలెత్తి చూస్తే నల్లటి ఆకాశంలో తెల్లటి నక్షత్రాలే తిరగేసినట్టు అనిపిస్తాయి.

ఈ వారం పంపుతున్నవి అక్కాచెల్లెళ్ళ పలకలు. ఆ పేరు ఆయన పెట్టిందే. చాలా దూరంలో ఒక దీపం లాంటిది ఉంది. దానికీ మనకీ మధ్య అడ్డంగా బరువైన నక్షత్రాల గుంపొకటి ఉంది. ఆ బరువుకి చుట్టూ ఉన్న చోటే వంగిపోయి, దీపం వెలుగు రెండు పక్కల నుంచీ వంపు తిరిగి వస్తుంది. అందుకని ఒక్క దీపమే పలక మీద పక్కపక్కనే రెండు చుక్కలుగా పడుతుంది. ఇద్దరి వెలుగూ ఇంచుమించు ఒకటే. ఎడమవైపుది అక్క. అది దగ్గరి దారిన ముందు వస్తుంది. కుడివైపుది చెల్లెలు. అది చుట్టుదారిన వస్తుంది. దీపం ఒక్కసారి భగ్గుమంటే ఆ కబురు అక్క ముందు చెబుతుంది. ఏడాది దాటాక అదే కబురు చెల్లెలు చెబుతుంది. ఆయన నోటు పుస్తకాల్లో రెండు వరసలుంటాయి. ఒకదాని పైన 'అ' అనీ, రెండోదాని పైన 'చె' అనీ రాసి ఉంటుంది.

ఇప్పుడు పెద్దమేడం అయినావిడ ఇరవై ఏళ్ళ కిందట చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఆ పుస్తకాల ముందు కూర్చొని ఆయనకి చెప్పింది: "చెల్లెలు ఎన్ని రోజులు ఆలస్యమో కచ్చితంగా తెలిస్తే దారి ఎంత పొడవో తెలుస్తుంది బాబాయ్‌గారూ. దారి పొడవు తెలిస్తే విశ్వం ఎంత వేగంగా సాగిపోతోందో తెలుస్తుంది. ఆ వేగం అంకె మీదే అందరూ కొట్టుకుంటున్నారు. ఒకరు అరవై ఏడంటారు, ఒకరు డెబ్బై మూడంటారు."

ఆయన విన్నాడు. ఇంటికెళ్ళాక పటం ముందు నిలబడి ఆలోచించాడు. సాగదీసేవాడికి ఎంత సాగిందో తెలియదా? తెలిసి మనచేత కొలిపించుకోవడం ఎందుకు? బహుశా పిల్లలు లెక్క చేస్తుంటే పక్కన కూర్చొని చూడటం దేవుడికీ ఇష్టమేమో. అంతకు మించి ఆ సంగతి ఆయనకి తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

ఈ సాయంత్రం మేడం ఆ లెక్కల మీద రాసిన పరిశోధన పత్రాన్ని అచ్చుకి పంపుతోంది. పోయిన వారం పిలిచి మొదటి పుట చూపించింది. పేర్ల వరసలో మూడోది ఆయన పేరు. చివర కృతజ్ఞతల్లో కాదు, పైన, రాసినవాళ్ళ మధ్య. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో మీ అంకెల్లో ఒక్క తప్పు దొరకలేదు బాబాయ్‌గారూ. ఇది మీది కూడా," అంది. ఇంటికెళ్ళేదాకా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. కూతురితో కూడా మర్నాడు గానీ చెప్పలేదు.

కుర్చీలో కూర్చొని ఆయన సీసా మూత తిప్పాడు. ఆ వాసన ముక్కుకి తగలగానే చెయ్యి ఆగింది.

ఈ రంగు సంగతి భార్య చెప్పిందే. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయన ముఖం మాడ్చుకొని ఇంటికి వచ్చాడు. పలకని బోర్లా పెట్టి మధ్యాహ్నమంతా కొలిచాడు. గాజు కదా, ఎటు పెట్టినా కనిపిస్తుంది. బోర్లా పెడితే మాత్రం ఎడమది కుడికి వస్తుంది, కుడిది ఎడమకి పోతుంది. ఆవిడ గోళ్ళకి రంగు వేసుకుంటూ అంతా విని, సీసా ఆయన చేతిలో పెట్టింది.

"పై ముఖం మీద కుడి మూల ఒక చుక్క పెట్టండి. చుక్క అక్కడ ఉంటే సరిగ్గా ఉన్నట్టు."

"చుక్కలకి చుక్క పెట్టమంటావా?"

"పెట్టండి. లేకపోతే మీకు ఎవరు అక్కో ఎవరు చెల్లో తెలియదు. నన్ను చూడటానికి వచ్చినప్పుడు కూడా మా అక్కనే చూస్తూ కూర్చున్నారు."

అప్పటినుంచి సీసా తెస్తే సగం ఆవిడ గోళ్ళకి, సగం పలకలకి.

పాత పలకలు తీసి చూస్తే ఆ రంగు ఇప్పటికీ నిన్న పెట్టినట్టు మెరుస్తోంది. వాటితో పని లేదు. ఆవిడ పోయాక సిరాతో పెట్టినవే వెలిసి ఎండుటాకు రంగుకి వచ్చాయి. ఆయన మెరిసే చుక్కలు దాటుకుంటూ, సిరా చుక్కలు ఎక్కడ మొదలవుతాయో వెతుకుతూ ఒక్కో కవరూ తీశాడు. మెరిసేది. మెరిసేది. మెరిసేది. ఆ తరువాతి పలక తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. మూలన ఏమీ లేదు. తిప్పి చూశాడు. రెండో వైపూ ఏమీ లేదు. తరువాతి దానికీ లేదు. ఆ తరువాతి దానికీ లేదు. మొత్తం పదకొండు పలకలు. పన్నెండోదాని మీద సిరా చుక్క ఉంది.

కవర్ల మీద తేదీలు చూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందటి చలికాలం. అంతా ఒక్క నెలే.

ఆ నెలలో ఆవిడ మూడు రోజుల జ్వరంతో పోయింది. కూతురికప్పుడు ఆరేళ్ళు. పిల్లని పిన్ని దగ్గర పెట్టి ఆయన ఐదో రోజున పనిలోకి వచ్చాడు. పలకలు తీసినట్టు, కొలిచినట్టు, రాసినట్టు గుర్తుంది. ఏం చూశాడో మాత్రం గుర్తులేదు. ఇంట్లో సీసా ఉంది. దాన్ని ముట్టుకోలేకపోయాడు. నెల తరువాత ఆఫీసు సిరా అడిగి తీసుకున్నాడు.

ఆయన మొదటి పలక అంచుని వేలికొనతో తడిమాడు. ఫొటో మందు పూసిన పై ముఖం కాస్త గరుగ్గా తగులుతుంది. ఆ గుర్తుతో పలకని సరైన వైపుకి తిప్పి వెలుగుబల్ల మీద పెట్టి, భూతద్దం మీదికి వంగాడు. కుడివైపు చుక్క లావుగా, నల్లగా ఉంది. అంటే వెలిగింది చెల్లెలు. ఆ ఏటి నోటు పుస్తకం తీసి ఆ తేదీ దగ్గర వేలు పెట్టాడు. ఎక్కువ వెలుగు 'అ' వరసలో ఉంది.

రెండో పలకా అంతే. పదకొండూ అంతే. అన్నిటినీ బోర్లా పెట్టి కొలిచాడు. చుట్టూ ఉన్న నక్షత్రాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. రోజూ చూసే ముఖాలే అవి. అయినా గుర్తుపట్టలేదు.

ఆ పుట పక్కన ఎర్ర పెన్సిలుతో మేడం ఎప్పుడో పెట్టిన ప్రశ్న గుర్తు ఉంది. దాని కథ ఆయనకి తెలుసు. అంతకు ముందటి ఏడాది అక్క ఒకసారి బాగా వెలిగింది. ఏడాది దాటాక చెల్లెలు ఆ మాట చెప్పాలి. చెప్పలేదు. దానికి బదులు అక్కే మళ్ళీ వెలిగినట్టు పుస్తకంలో ఉంది. అడ్డంగా ఉన్న గుంపులోని ఏదో ఒక నక్షత్రం వెలుగు దారిలోకి వచ్చి అలా చేసి ఉంటుందని అందరూ అనుకున్నారు. అలా జరగడమూ కద్దు. అందుకని ఆ చలికాలం మొత్తాన్నీ లెక్కలోంచి తీసేశారు. ఏ పాపమూ ఎరగని నక్షత్రం ఇరవై రెండేళ్ళుగా ఆ నింద మోస్తోంది.

గడియారం పదకొండున్నర చూపిస్తోంది. సీసా తెరిచే ఉంది. పదకొండు చుక్కలు పెట్టి పెట్టెలో సర్దేస్తే పలకలు గోదాముకి పోతాయి. అక్కడ ఇంకో వందేళ్ళు వాటిని ఎవరూ తీయరు. ఆ చలికాలం ఎలాగూ లెక్కలో లేదు. పత్రం ఇవాళ వెళ్ళిపోతుంది. పేరు మూడోది. ఒక్క తప్పు దొరకలేదు అన్న మాట అలాగే ఉంటుంది. ఆ మాట తప్ప తనకంటూ ఈ ఆఫీసులో మిగిలింది ఏముంది?

ఆయన సీసా మూత గట్టిగా బిగించాడు. తెచ్చుకున్న అన్నం డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని మూసేశాడు. మాత్ర సంగతి గుర్తు రాలేదు. పదకొండు పలకలు కవర్లలో పెట్టి, పైన నోటు పుస్తకం పెట్టి, రెండు చేతులా ఎత్తుకొని మూడో అంతస్తు మెట్ల వైపు నడిచాడు. ఈసారి నాలుగుచోట్ల ఆగాడు.

మేడం కంప్యూటరు ముందు కూర్చొని ఉంది. తల తిప్పకుండానే, "రండి బాబాయ్‌గారూ, రెండు నిమిషాలు," అంది. ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె తల తిప్పి ఆయన ముఖం చూసి లేచింది.

"ఏమైంది? కూర్చోండి ముందు."

"తప్పు చేశానమ్మా."

"ఏం తప్పు?"

"ఈ పదకొండూ బోర్లా పెట్టి కొలిచాను. అక్కది చెల్లెలి కింద, చెల్లెలిది అక్క కింద రాశాను. ఆ నక్షత్రం చేసింది కాదు. నేను చేసింది."

మేడం ఒక కవరు తీసి తేదీ చూసింది. పుస్తకం తెరిచి తన ప్రశ్న గుర్తు చూసుకుంది. తరువాత మెల్లగా అడిగింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ పదకొండేనా? ఏం జరిగింది ఆ నెల?"

"మా ఆవిడ పోయింది."

"ఆ నెలలో మీరు పనిలోకి వచ్చారా?"

"ఇంట్లో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదమ్మా."

ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. కంప్యూటరు వైపు తిరిగి రెండు వరసల్లోని పదకొండేసి అంకెల్ని అటువి ఇటూ, ఇటువి అటూ మార్చింది. తెర మీద రెండు గీతలున్నాయి, ఒకటి నీలం, ఒకటి నారింజ. నారింజ గీతని ఆమె పక్కకి జరుపుతూ పోయింది. నాలుగు వందల పది రోజులు. నాలుగు వందల ఇరవై. నాలుగు వందల ఇరవై మూడు దగ్గర ఆగింది. చెల్లెలి వెలుగు అక్క వెలుగు మీద కూర్చుంది. ఎక్కడం, పైన కాసేపు నిలవడం, దిగడం, దిగేచోట చిన్న నొక్కు కూడా అంతా ఒకటే. చెల్లెలు చెప్పాల్సిన మాట ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. రాసుకున్న మనిషే మరొకరి పేరు మీద రాసుకున్నాడు.

"ఇప్పటిదాకా నాలుగు వందలకీ నాలుగు వందల నలభైకీ మధ్య ఎక్కడో అనుకుంటూ వచ్చాం," అంది మేడం. "ఇప్పుడు రెండు మూడు రోజుల్లోకి వచ్చింది. పత్రం ఇవాళ పంపను. మొత్తం మళ్ళీ రాయాలి."

"మరి అరవై ఏడా, డెబ్బై మూడా అమ్మా?"

"ఒక్క జంటతో తేలదు బాబాయ్‌గారూ. ఇలాంటివి ఇంకా చాలా కావాలి. కానీ మన గీత సన్నబడింది."

ఆయన తల ఊపాడు. తేలకపోవడం ఆయనకి అలవాటే. పలకల వంక చూస్తూ అన్నాడు. "నా పేరు తీసేయండి. తప్పు లేదని కదా పెట్టారు."

"తీసేస్తే ఈ పదకొండూ ఎవరు కొలిచారని రాయను?" అంది ఆమె. తరువాత తెర వైపే చూస్తూ అంది. "నేను ఇరవై ఏళ్ళుగా ఆ పుట చూస్తున్నాను. అది మీ ఇంటి నెల అని నాకు తెలియదు. నేనూ అడగలేదు."

ఆయన పలకలు ఎత్తుకున్నాడు. తాను తెస్తానని ఆమె లేచింది. వద్దన్నాడు. "చుక్కలు పెట్టాలమ్మా. ఇన్నాళ్ళూ అలాగే వదిలేశాను."

కిందికి వచ్చేసరికి మూడు దాటింది. కిటికీలోంచి ఎండ రాదు గానీ వెలుతురు మెత్తబడింది. ఎడమ భుజం పట్టేసినట్టుంది, బరువెత్తినందుకు కాబోలు అనుకున్నాడు. పదకొండు పలకలూ వెలుగుబల్ల మీద ఒక వరసలో పరిచి, ఒక్కోదాని అంచు తడిమి పై ముఖం చూసుకొని, కుడి మూల చిన్న కుంచెతో చుక్క పెట్టసాగాడు. చుక్క ఆరేదాకా రెండోదాని జోలికి పోలేదు. తొందరేముంది? ఒక్కో చుక్కకీ ఆ వాసన గదంతా పరుచుకుంటోంది. ఇంట్లో ఎవరో మంచం అంచున కూర్చొని, మోకాలు మడుచుకొని, వేళ్ళు ఊదుకుంటున్నట్టుంది. ఇరవై రెండేళ్ళుగా ఆయనకి ఆవిడ ముఖం గుర్తుంది, మాట గుర్తుంది. ఊదుకునేటప్పుడు పెదవులు సున్నా చుట్టినట్టు పెట్టడం మాత్రం ఇవాళే గుర్తొచ్చింది. చెయ్యి ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముందు ఎడమ అద్దం, తరువాత కుడి అద్దం. అది తడిసి ఉంది. ఆవిడ పోయినప్పుడు ఆయన ఏడవలేదు. పిల్ల చూస్తోందని అప్పుడు అనుకున్నాడు. అది కారణం కాదేమో. ఏ దారిన వస్తున్నదో, ఆ తడి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఐదింటికి తాళాలాయన గుత్తి ఆడించుకుంటూ వచ్చాడు. వెలుగుబల్ల వెలుగుతూనే ఉంది. ఆయన బల్ల మీద మోచేతులు ఆనించి, భూతద్దం మీదికి వంగి ఉన్నాడు. రోజూ అలాగే ఉంటాడు.

"పలకలాయనా, ఇంక ఆ అక్కాచెల్లెళ్ళని వదిలి ఇంటికెళ్ళు. మీ అమ్మాయి ఎదురుచూస్తుంటుంది."

జవాబు రాలేదు. తాళాలాయన దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.

పత్రం మళ్ళీ రాసి పంపడానికి నెల పట్టింది. పేర్ల వరసలో మూడోది అలాగే ఉంది. పోయినవాళ్ళ పేరు పక్కన ఒక గుర్తు పెట్టడం ఆ పత్రాల ఆనవాయితీ. మేడం చిన్న చుక్క పెట్టింది.

ఆయన సామాను తీసుకెళ్ళడానికి కూతురు వచ్చినప్పుడు గదిలో పెద్దగా ఏమీ లేదు. అన్నం డబ్బా, భూతద్దం, కవరు విప్పని మాత్ర ఒకటి. వెలుగుబల్ల మీద పదకొండు పలకలూ ఎవరూ ముట్టుకోకుండా ఆయన పరిచినట్టే ఉన్నాయి. పది పలకలకి కుడి మూల ఎర్రటి చుక్క ఉంది. పదకొండోదాని పక్కన, ఆ రోజు పొద్దున ఆమె ఇచ్చిన గోళ్ళరంగు సీసా మూత బిగించకుండా, కుంచె లోపలే బిగుసుకుపోయి, నిలబడి ఉంది.